కొత్త మంచు మీద జాడ

ఓర్విక్ ఊళ్లో అందరూ మంచు ఆగితే బాగుండునని విసుక్కునే రోజుల్లో, ఇంకా పడితే బాగుండునని కోరుకునే మనిషి మరీటా ఒక్కతే. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆకాశం వంక చూస్తూ ఉండేది. దట్టంగా పడుతుంటే ఆమె మొహం విప్పారేది. పలచబడితే డీలా పడిపోయేది. యాభై ఆరేళ్ల మనిషి, ఊరి బడిలో వంట చేసే మనిషి, అల్లరి పిల్లల్ని ఒక్క చూపుతో బల్లల ముందు కూర్చోబెట్టే మనిషి మంచు కోసం ఇలా పడిగాపులు పడుతోందంటే ఏదో ఉందనే అర్థం. ఉన్నది రూనె.

అక్కడ చలికాలంలో మనుషుల కాళ్లకన్నా స్కూటర్లే ఎక్కువ తిరుగుతాయి. చక్రాల స్కూటరు కాదు. ముందు రెండు స్కీ పలకలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టాతో మంచు మీద పరుగెత్తే బండి. పాలకీ, చేపలకీ, చర్చికీ, చావుకీ పెళ్లికీ అందరూ దాని మీదే వెళతారు. దాంతో ఉన్న చిక్కల్లా ఒక్కటే, వెళ్లిన చోటికల్లా గీత గీసి మరీ వెళుతుంది. ఎవరి పట్టా ఎంత వెడల్పో, ఎవరి స్కీ ఏ పక్కకి లాగుతుందో ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కొట్టు ముందు బల్ల మీద కూర్చునే బెర్టిల్‌కి అదే పొద్దుటి పేపరు. ఎవరు ఎవరింటికి వెళ్లారు, తిన్నగా వెళ్లారా, తిరిగి ఎప్పుడొచ్చారు అన్నది ఒక కప్పు కాఫీ అయ్యేలోగా తేల్చి చెప్పేవాడు. అతనంటే గిట్టని వాళ్లు కూడా ఆ బల్ల దగ్గర కాస్త నెమ్మదిగానే నడిచేవాళ్లు.

రూనె బండి సంగతి మరీ అన్యాయం. అతను కొండ దారులు చూసుకునే మనిషి. కొత్త మంచు పడగానే బండి వెనక బరువైన ఇనప చట్రం కట్టుకుని దారి చదును చేస్తాడు. తుఫానులో ఎవరూ తప్పిపోకుండా దారి పొడవునా ఎర్ర రంగు వేసిన కొయ్య గుర్తులు పాతుతాడు. ఆ పనికి తగ్గట్టు అతని బండి పట్టా ఊళ్లో అన్ని పట్టాలకన్నా జానెడు ఎక్కువ వెడల్పు. అలాంటి పట్టా జాడ భర్త పోయిన ఆడమనిషి ఇంటి వెనక కొట్టం దాకా వచ్చి ఆగితే, ఇక బెర్టిల్ నోరు తెరవనక్కరలేదు కూడా.

అందుకని ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రూనె మంచు పడుతుండగానే రావాలి, పడుతుండగానే వెళ్లిపోవాలి. తక్కిన పని ఆకాశం చూసుకుంటుంది. "మంచు పడితే మంచివాళ్లందరూ ఇంట్లో కూర్చుంటారు, నేను బయల్దేరతాను," అని మొదట్లో రూనె తెగ నవ్వేవాడు. ఈ మధ్య నవ్వడం తగ్గించాడు.

నిజానికి ఊరి నోటికి మరీటా అంతగా భయపడదు. ఆమె భయమంతా ఇంట్లోనే ఉంది. దాని పేరు హుల్దా, ఎనభై ఎనిమిదేళ్లు, మరీటాకి అత్తగారు. ఒక్కగానొక్క కొడుకు స్టెన్ ఏడేళ్ల కిందట పెరట్లో కట్టెలు కొడుతూ కొడుతూ గుండె ఆగి పోయాడు. కర్మకాండ అయ్యాక కోడలు పుట్టింటి వైపు వెళ్లిపోతుందని ఊరంతా అనుకుంది. హుల్దా ఉండమనలేదు, వెళ్లమనలేదు. మర్నాడు పొద్దున్నే బల్ల మీద రెండు కప్పులు పెట్టింది. మరీటా వచ్చి కూర్చుంది. అంతే, ఆ తర్వాత ఆ మాటే రాలేదు. కన్నతల్లి మీద కన్నా ఈ ముసలావిడ మీదే మరీటాకి ప్రేమ ఎక్కువ. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి, మీ అబ్బాయి కుర్చీలో ఇంకో మనిషి కూర్చోబోతున్నాడని ఏ నోటితో చెప్పడం? చెబితే ఆ ముసలి గుండె పగిలిపోతుందని మరీటా గట్టి నమ్మకం. నమ్మకం ఎంత గట్టిదంటే, ఒక్కసారి కూడా అడిగి చూడలేదు.

ఆ శనివారం పొద్దున ఆకాశం మరీటా పక్షానే ఉంది. రాత్రంతా కురిసిన మంచు కిటికీ అంచుల దాకా వచ్చింది, ఇంకా దూదిలా దిగుతూనే ఉంది. మరీటా గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టే డ్రిల్లు భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"అత్తయ్యా, చేపలకి వెళ్తున్నాను."

హుల్దా కిటికీ దగ్గర కూర్చుని మేజోడు అల్లుతోంది. తలెత్తలేదు. "ఈ మంచులోనా?"

"ఇలాంటప్పుడే బాగా పడతాయంట."

"ఎవరన్నారు?"

మరీటా వంగి, ముడి వేసి ఉన్న బూటు తాడుకే మళ్లీ ముడి వేసుకుంది.

"సరే, వెళ్లు. ఆ పాత టోపీ తీసేసి నీలంది పెట్టుకో. ఆ పాతదాంతో వెళ్తే చేపలు నవ్వుతాయి," అంది హుల్దా. అంటూనే కుడి భుజం పట్టుకుని చిన్నగా మూలిగింది.

"అల్లిక కాస్త తగ్గించమన్నానా లేదా?"

"అల్లకపోతే ఏం చెయ్యమంటావ్, డాన్సు చెయ్యనా?"

వసారాలో బూట్ల మంచు దులుపుకునే చీపురు గోడకి ఆనించి ఉంది. దాన్ని చూసి మరీటా ఆగింది. కొని నిండా రెండు నెలలు కాలేదు, పుల్లలు సగానికి అరిగిపోయాయి. "ఈ చీపురుకేం రోగం వచ్చింది అత్తయ్యా, ఇలా అయిపోయిందేంటి?"

"ఇప్పటి చీపుర్లకి సత్తువ లేదే అమ్మాయ్, ఇప్పటి మనుషుల్లాగే," అని లోపల్నుంచి జవాబొచ్చింది.

కొట్టం వెనక రూనె బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు. టోపీ మీద, కనుబొమల మీద, మీసం మీద మంచు పేరుకుపోయి మనిషి పిండిమిల్లులోంచి వచ్చినట్టున్నాడు. బండి వెనక మంచు మీద జారే చెక్క బల్లకట్టు, దాని మీద కాఫీ కెటిల్, కట్టెలు, కూర్చోవడానికి రెయిన్‌డీర్ తోలు. నీలం టోపీ చూసి మీసంలోంచే నవ్వాడు.

"చేపల కోసం ఇంత ముస్తాబా?"

"నోరు మూసుకుని నడుపు. మంచు ఆగకముందే సరస్సు దాటాలి," అంది మరీటా, వెనక ఎక్కి అతని నడుం చుట్టూ చేతులు వేస్తూ. మాట కటువుగా ఉంది గానీ చేతులు అలా లేవు.

సరస్సు మీద ఎదురుగా ఏమీ కనబడలేదు. పైనా కిందా ఒకే తెలుపు. అవతలి ఒడ్డు చేరి అడవిలోకి మళ్లాక దారి దొరికింది. దారికి అటూ ఇటూ చెట్ల కొమ్మలు మంచు బరువుకి వంగిపోయాయి. బండి పక్కనుంచి వెళితే చాలు, ఒక్కొక్కటే బరువు దింపుకుని పైకి లేచేవి. మరీటా మెడలోకి మంచు జారి కెవ్వుమంది. రూనె కావాలనే కొమ్మలకి దగ్గరగా పోనిస్తున్నాడని ఆమెకి కాసేపటికి అర్థమైంది. వీపు మీద ఒక్కటిచ్చింది. కోటు మందం కాబట్టి అతనికేం తగల్లేదు, అయినా దెబ్బ తిన్న వాడిలా మూలిగాడు. చాలా రోజుల తర్వాత మరీటా గొంతెత్తి నవ్వింది. ఇంజను చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది కనక.

చెట్లు పొట్టివై, ఆ తర్వాత అసలు లేకుండా పోయి, బండి కొండ వీపు మీదికి ఎక్కింది. సరిగ్గా అప్పుడే మంచు ఆగిపోయింది.

పలచబడడం, తేరుకోవడం ఏమీ లేదు, ఎవరో తలుపు మూసినట్టు ఆగింది. మబ్బు తెర పక్కకి జరిగి ఎండ వచ్చింది. కొండలు ఒకదాని వెనక ఒకటి అప్పుడే ఉతికి ఆరేసినట్టు నిలబడ్డాయి. ఎంత దూరం చూసినా మడత గానీ మరక గానీ లేదు. రూనె బండి ఆపి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్న కొండే అయినా ఇలాంటి పొద్దున అతను కాసేపు మాట్లాడడు. మరీటా కూడా చూసింది. చూసి, ఎందుకో వెనక్కి తిరిగింది.

కింద సరస్సు తెల్లగా మెరుస్తోంది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఒక్క గీత. ఆ గీత ఒక కొస వాళ్ల కాళ్ల కింద ఉంది. రెండో కొస ఆమె ఇంటి వైపు ఉంది. ఆ వెడల్పు చూసి బండి ఎవరిదో గుడ్డివాడైనా చెబుతాడు.

"అయిపోయింది, రూనె. చూడు."

రూనె చూశాడు. ముందు నవ్వొచ్చింది. "నీటుగా వచ్చిందే. స్కేలు పెట్టి గీసినట్టుంది." తర్వాత ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. "సర్లే, ముందు కాఫీ తాగుదాం."

బండరాయి చాటున కట్టెలు పేర్చి నిప్పు చేశాడు. కెటిల్ పెట్టాడు. చెక్క కప్పుల్లో జున్ను ముక్కలు వేసి వాటి మీద కాఫీ పోశాడు. వేడికి జున్ను మెత్తబడ్డాక చెంచాతో తీసుకుని తినడం అక్కడి వాళ్లకి ప్రాణం. మరీటా కప్పులో ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువ వేస్తాడు. ఇవాళ కూడా వేశాడు. ఆమె తినలేదు. చెంచాతో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"కొండ అవతలి లోయ వాళ్లు పిలుస్తున్నారు. అక్కడ దారులు చూసే మనిషి లేడంట. ఇల్లు కూడా ఇస్తామన్నారు. సోమవారానికి మాట చెప్పాలి," అన్నాడు రూనె నిప్పు సరిచేస్తూ.

"ఏం చెప్తావ్?"

"అది నువ్వు చెప్పాలి."

"నేనేం చెప్తాను. ఉండు."

"ఎక్కడుండమంటావ్? కొట్టం వెనకాలా?" గొంతు పెంచలేదు. "నాకు యాభై ఎనిమిదేళ్లు మరీటా. ఆకాశం వంక చూసుకుంటూ, మంచు పడితే నక్కలా వచ్చి మంచు ఆగేలోపు నక్కలా పోవడం ఇంక నా వల్ల కాదు. వీధి గుమ్మంలోంచి రమ్మను, ఎక్కడికీ పోను. లేదంటే సోమవారం వాళ్లకి సరేనని చెప్తాను. నీ మీద కోపం లేదు. సిగ్గుగా ఉంది, అంతే."

"అత్తయ్య తట్టుకోలేదు."

"అడిగావా ఆవిణ్ణి?"

"అడిగేదేముంది. ఒక్కడే కొడుకు."

రూనె నిప్పులోకి ఇంకో పుల్ల తోశాడు. "ఆవిణ్ణి నువ్వు ఎలా చూసుకుంటావో చూసే నాకు నీ మీద మనసు పడింది. దాని మీద నాకేం పేచీ లేదు." ఆ మాటకి మరీటా కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను తిట్టినా బాగుండేదనిపించింది.

"అడవి దిగాక నన్ను ఒడ్డున దింపెయ్. ఆ ఒడ్డు వెంట నడిచి పోతాను. నువ్వు చుట్టూ తిరిగి ఏటి మీదుగా ఊళ్లోకి వెళ్లు," అంది చివరికి.

"అలాగే." కెటిల్‌లో మిగిలిన కాఫీ మంచులో పారబోశాడు. అంత మంచి కాఫీని రూనె పారబోయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

దిగేటప్పుడు అతను కొమ్మలకి దగ్గరగా పోనివ్వలేదు. మెడలో మంచు పడలేదు. మరీటాకి ఆ దారంతా కొమ్మ ఒక్కటి తగిలితే బాగుండునని ఉంది. సరస్సు కనపడే చోట అతను బండి ఆపి దిగాడు. రెండు గుబురు కొమ్మలు విరిచాడు. బల్లకట్టు వెనక మోకాళ్ల మీద కూర్చుని, చేతి తొడుగులు తీసేసి, వాటిని తాడుతో కట్టడం మొదలుపెట్టాడు.

"ఏంటిది?"

"కొమ్మలు ఈడ్చుకుపోతే జాడ చెదిరిపోతుంది. పూర్తిగా పోదు గానీ, గాలి రేపినట్టు కనపడుతుంది. నిన్ను దింపాక సరస్సు మీద గీతకి కూడా ఒకసారి తిప్పుతాను. బెర్టిల్ కళ్లకి చూపు తగ్గింది, ఫర్వాలేదు." ఆమె వైపు చూడకుండానే చెప్పాడు. చలికి వేళ్లు ఎర్రబడిపోయి ముడి పడడం లేదు.

మరీటా చూస్తూ నిలబడింది. ఎవరో ఎక్కడో దారి తప్పకూడదని తుఫానుల్లో పడి దారులు వేసే మనిషి, తను వేసిన దారిని తనే చెరుపుకోవడానికి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎవరి కోసం అంటే ఆమె కోసం. సిగ్గుగా ఉందని కొండ మీద అతనన్న మాట అప్పుడు ఎక్కలేదు, ఇప్పుడు ఎక్కింది. సిగ్గుపడాల్సింది అతను కాదు. ఆమెకి అతని మీద పట్టరానంత ప్రేమ వచ్చింది, తన మీద తనకే అంత కోపమూ వచ్చింది.

వంగి ఆ ముడి లాగేసింది. కొమ్మలు తీసి అడవిలోకి విసిరేసింది.

"జరుగు."

"ఎక్కడికి?"

"వెనక్కి. నేను నడుపుతాను."

"ఈ బండి బరువు నీకు..."

"బడిలో నలభై మంది పిల్లల గంజి గిన్నె ఎత్తే చేతులివి. జరుగు."

బండి నిజంగానే బరువు. మొదటి వంపులోనే ఎర్ర కొయ్య మీదికి పోబోయింది. "అది నేను పాతిందే, దాన్నైనా బతకనియ్," అన్నాడు రూనె వెనక నుంచి. అతని చేతులు మొహమాటంగా ఆమె నడుం దగ్గరికొచ్చి, కాస్త ఆగి, అక్కడే ఉండిపోయాయి. మరీటా ఒడ్డున ఆగలేదు, ఏటి వైపు మళ్లలేదు. పొద్దున గీసిన గీత పక్కనే ఇంకో గీత గీసుకుంటూ సరస్సు దాటి, తిన్నగా ఊరి నడివీధిలోకి ఎక్కించింది.

కొట్టు ముందు బల్ల మీద బెర్టిల్ కప్పు నోటి దాకా తీసుకెళ్లి అక్కడే ఆపేశాడు. రూనె మర్యాదగా చెయ్యెత్తాడు. పాపం, బెర్టిల్ అలవాటు కొద్దీ మనుషుల్ని వదిలేసి వాళ్ల వెనక పడ్డ జాడ వైపు చూశాడు. ఆ తర్వాత గుర్తొచ్చి మళ్లీ మనుషుల వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి చదవడానికి అతనికేమీ మిగల్లేదు.

నడివీధిలో ఉన్న ధైర్యం ఇంటి మలుపు దగ్గరికొచ్చేసరికి మరీటాకి సగం అయిపోయింది. తక్కిన సగంతోనే బండిని వీధి గేటులోంచి లోపలికి పోనిచ్చి మెట్ల ముందు ఆపింది. ఇంజను ఆగింది.

హుల్దా కొట్టం పక్క నుంచి వస్తోంది. మోకాళ్ల దాకా మంచు, బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, ఊపిరి అందడం లేదు. చేతిలో వసారా చీపురు. అత్తగారు తన కోసం వెతుక్కుంటూ వచ్చిందేమోననుకుని మరీటా గబగబా దిగింది. అప్పుడు కనబడింది. కొట్టం వెనక నుంచి సరస్సు ఒడ్డు దాకా, పొద్దున వాళ్ల బండి వెళ్లిన దారంతా, ఎవరో ఒబ్బిడిగా ఊడ్చినట్టుంది. పట్టా జాడ లేదు. ఉన్నవల్లా చీపురు గీతలు, ముసలి అడుగులు.

"అత్తయ్యా," అంది మరీటా.

"ఒడ్డు దాకా ఊడ్చేసరికి ప్రాణం పోయింది," అంది హుల్దా మెట్ల మీద కూలబడుతూ. "అక్కడ నిలబడి చూస్తే సరస్సు ఆ చివరి దాకా గీత ఉంది. సరస్సంతా నేనెక్కడ ఊడవనే? దేవుడికి ఇంకాసేపు మంచు కురిపిస్తే ఏం పోయింది?"

"ఎప్పట్నుంచి?"

"నవంబరు నుంచి. అన్నిసార్లూ మంచు సరిగ్గా పడలేదులే. మీరు కళ్లు మూసుకుపోయి ఉన్నారు కాబట్టి చూసుకోలేదు. ఈయన బండి బెల్టు కీచుమంటుంది, కొట్టం దాటకముందే తెలిసిపోతుంది నాకు."

మరీటాకి అరిగిపోయిన చీపురు, మూలిగిన భుజం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మెట్టు మీద అత్తగారి పక్కన కూర్చుంది. "నన్నెందుకు అడగలేదు?"

హుల్దా చాలాసేపు చేతిలో చీపురు వంకే చూసింది. "నువ్వు చెప్పలేదు కదా. నువ్వు చెప్పని సంగతి ఊరికి ఎందుకు తెలియాలి?" అని, ఊరుకోలేక మళ్లీ అంది. "అదొక్కటే కాదులే. భయమేసింది. అందరికీ తెలిస్తే నువ్వు ఈయన ఇంటికి వెళ్లిపోతావని. పొద్దున్నే ఒక్క కప్పు పెట్టుకోవాల్సొస్తుందని. అందుకే ఊడ్చాను. నా కొడుకు పోయాడు. నువ్వు నవ్వడం మానేస్తే వాడు తిరిగొస్తాడా? ఈ చలికాలం నువ్వు వంటింట్లో కూనిరాగం తీశావు. ఆ రాగం ఉండాలి, నువ్వూ ఉండాలి. ముసలిదాన్ని, రెండూ కావాలనిపించింది."

మరీటా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నొప్పి ఉన్న భుజమే అది. హుల్దా కదల్లేదు.

రూనె బండి పక్కనే టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, వెళ్లాలో ఉండాలో తెలియక. "పెద్దమ్మా, మా ఇంట్లో పొయ్యి సరిగ్గా రాజుకోదు. మరీటాని అక్కడికి తీసుకెళ్లే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు," అన్నాడు నెమ్మదిగా.

హుల్దా అతన్ని పైనుంచి కిందికి, నుదుటి మీది మంచు దగ్గర్నుంచి బూట్ల దాకా, తీరిగ్గా చూసింది. తర్వాత కోడలి చెయ్యి ఊతం చేసుకుని లేచి, అరిగిపోయిన ఆ చీపురు అతని చేతికిచ్చింది.

"అయితే బూట్లు దులుపుకుని రా. మూడు కప్పులు పెడతాను."